వేమ అను పేరు

ఎడ్లపాడు అను పేరునకు అర్థము చెప్పుమని పండితులను ఆశ్రయింపనక్కరలేదు. ఎడ్లు కలవు, పాడు కలదు. పాడనగా తెలుగుదేశమున ఎన్నియో ఊళ్ల పేర్లకు చివర నిలిచి ‘ఊరు’ అను అర్థమునే ఇచ్చు పాతమాట. గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు పెద్దబాటమీది ఆ ఊరి పేరును బడికి పోవు పిల్లవాడైనను విప్పి చెప్పగలడు. కాని ఆ మండలముననే యున్న కొండవీటి దుర్గమును ఏలిన రాజుల పేర్లు అట్టివి కావు. ప్రోలయ, అనవోతు, అనవేమ, మాచయ, కోమటి, రాచవేమ. వీనిని విన్నప్పుడు ఇవి తెలుగు పేర్లేనా యని సందేహించువారు నేడు లేకపోలేదు. ఈ పేర్లలో అన్నిటికంటె తఱచుగా వచ్చునది, అన్నిటికంటె చిన్నది, అర్థము మాత్రము పైకి తేలనిది ఒకటి కలదు. అది ‘వేమ’.

దీనినిగూర్చి ఆలోచింపవలసిన అవసరము మాకు గ్రంథాలయములో కలుగలేదు. ఎడ్లపాడులో ఒక మిత్రుని ఇంట బారసాల నాడు కలిగినది. ఇరువదియొకటవ నాడు ఉయ్యాలలో వేసిన పిల్లవానికి తాతగారు తమ తండ్రి పేరైన వేమయ్యను పెట్టవలెనని కోరినారు. పెద్దల పేర్లు పిల్లలకు పెట్టుట మన ఇండ్లలో ఉన్న ఆచారమే. పిల్లవాని తల్లి చదువుకున్నది. ఆమె మర్యాదగానే, “మామయ్యగారూ, ముత్తాతగారి పేరు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదండీ. రేపు బడిలో ఎవరైనా ఈ పేరుకు అర్థమేమిటని అడిగితే వాడేం చెప్పాలి?” అన్నది. ఆయన సమాధానము వెదకుకొనుచుండగనే, వసారాలో కూర్చున్న ఒక పెద్దావిడ అందుకొని, “అర్థం సంగతి అట్లా ఉంచు తల్లీ. అది ఉసురు తగిలిన పేరు. కొండవీటి రెడ్లు కోమటిని చంపి, ఆయన పేరు పెట్టుకున్నారు. తెలిసి తెలిసి పసివాడికి ఎందుకు?” అన్నది.

ఇంట ఒక్క నిమిషము మాటలేదు. బియ్యము పోసిన పళ్లెము అట్లే ఉన్నది. ఆ బియ్యములో పేరు వ్రాయవలసిన ఉంగరము పిల్లవాని తండ్రి చేతిలోనే నిలిచిపోయినది.

ఆ పెద్దావిడ చెప్పిన మాట ఆమె కల్పించినది కాదు. ఆ కథ కొండవీటి సీమలో తరతరములుగా నడచుచున్నది. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున కాలిన్ మెకంజీ ఊరూరనుండి సేకరింపజేసిన కైఫీయతుల కాలమునాటికే ఈ సీమలో ఇట్టి వృత్తాంతములు ప్రచారమున ఉండెను. 1883లో గోర్డన్ మెకంజీ ప్రకటించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఇంగ్లీషు చదివినవారికిని కొండవీటి కథలను అందించినది. కృష్ణా జిల్లా యేమని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. 1859 మొదలు 1904 వఱకు ఈ ప్రాంతమంతయు కృష్ణా జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లాలోనికి వచ్చినది, 2022లో పల్నాడు జిల్లాలో చేరినది. ఊరు కదలకయే జిల్లా పేరు ఇన్నిమార్లు మారినది. మనుష్యుల పేర్లు మారుటలో వింత యేమున్నది?

కథ ఇట్లున్నది. వేమన యను ఒక వైశ్యుడు శ్రీశైలపు అడవులలో పరుసవేది రసము ఊరు చోటు కనిపెట్టెను. దానిని ఒక పాత్రలో పట్టుకొని వచ్చుచు, దారిలో దొంటి అల్లారెడ్డి యను కాపు ఇంట బస చేసి, పాత్రను పశువులపాకలో ఉంచెను. ఆ రసపు చుక్క సోకి పాకలోని నాగటికఱ్ఱు బంగారమైనది. ఇంటి యజమానునికి ఆశ పుట్టినది. పాత్రను మెల్లగా తప్పించి, పాకకు తానే నిప్పు పెట్టెను. వర్తకుడు తన సర్వస్వమును అగ్నిపాలగుచున్నదని మంటలలో దూకి మరణించెను. ఇల్లు సంపదతో నిండినది గాని శాంతి లేకపోయినది. పుట్టిన బిడ్డలు దక్కరైరి. మరణించిన వర్తకుడు కలలో కనిపించి, మీ వంశమువారు నా పేరు పెట్టుకొని, నా బంగారు ప్రతిమను పూజించినగాని మీకు మేలు లేదనెను. అది మొదలు ఆ ఇంట వేమలు పుట్టిరి. వర్తకుని కులమునుగూడ చేర్చుకొని ఒక రాజు పెదకోమటి వేమయైనాడు. చెప్పువారిని బట్టి ఊరు మారును, పాత్ర మారును. నిప్పు మాత్రము మారదు.

కథ బాగున్నది. ఒక వ్యవసాయదారుల కుటుంబమునకు రాజ్యమంత సంపద ఎట్లు వచ్చినదో, ఆ రాజ్యము నూఱేండ్లకే ఎందుకు అంతరించినదో, వారిలో ఇందఱకు ఒకటే పేరు ఎందుకున్నదో, మూడు ప్రశ్నలకు ఒక్క దెబ్బతో సమాధానము చెప్పుచున్నది. ఇంత చక్కగా అన్నిటికిని సమాధానము చెప్పు కథను మేము కొంచెము అనుమానముతోనే చూతుము. పైగా ఇది ఒక వంశముపై హత్యను మోపుచున్నది. ఆఱు వందల సంవత్సరముల తరువాత ఒక పసివాని ఉయ్యాలవద్దకును వచ్చి అడ్డుపడుచున్నది. కనుక సాక్ష్యము అడుగక తప్పదు.

సాక్ష్యము శాసనములలో ఉన్నది. 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత అద్దంకిలో రాజ్యము స్థాపించినవాడు ప్రోలయ వేమారెడ్డి. ఎఱ్ఱాప్రెగ్గడ హరివంశమును అంకితము పొందినవాడు ఈయనయే. ఈయన పెద్దకుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి తెచ్చెను. అనవోతు తరువాత తమ్ముడు అనవేమారెడ్డి, ఆ పిమ్మట అనవోతు కుమారుడు కుమారగిరి రాజ్యము చేసిరి. సుమారు 1402లో దాయాది శాఖకు చెందిన పెదకోమటి వేమారెడ్డి సింహాసన మెక్కెను. ఈయన కుమారుడు రాచవేమారెడ్డితో, సుమారు 1424లో, కొండవీటి రెడ్ల రాజ్యము ముగిసినది. కుమారగిరికి బావయగు కాటయ వేమారెడ్డి గోదావరీతీరమున రాజమహేంద్రవరము నేలెను. అక్కడనే తరువాత అల్లాడరెడ్డి కుమారులు అల్లయ వేమారెడ్డి, వీరభద్రారెడ్డి కలిసి రాజ్యము చేసిరి. ఈ వివరములన్నియు తెలియగోరువారు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు రచించిన, 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించిన రెడ్డిరాజ్యముల చరిత్రను చూడవచ్చును.

ఇప్పుడు ఈ వేమలను వరుసగా నిలిపి చూడుడు. ప్రోలయ వేమ తండ్రి పేరు ప్రోలయ. కాటయ వేమ తండ్రి పేరు కాటయ. అల్లయ వేమ తండ్రి పేరు అల్లయ, అనగా అల్లాడరెడ్డి. పెదకోమటి వేమ తండ్రి యెవరు? ప్రోలయ వేమారెడ్డి అన్నగారు మాచారెడ్డి. ఆ మాచారెడ్డి కుమారుని పేరు కోమటి. ఆ కోమటి కుమారుడే మన వేమ. పేరునకు ముందు నిలిచినది కులము కాదు, మరణించిన వర్తకుడు కాడు, కన్నతండ్రి. ఒకే కుటుంబమున నలుగురైదుగురు వేమలున్నప్పుడు, ‘ఏ వేమ?’ అను ప్రశ్నకు ‘ఫలానివాని కొడుకు వేమ’ యని చెప్పుట తప్ప మార్గము లేదు. నేటికిని మన పల్లెలలో ఒకే పేరుగలవారిద్దఱున్నచో, సుబ్బయ్యగారి కోటయ్య, రామయ్యగారి కోటయ్య యనుట వినుచున్నాము గదా! తెలుగువారు తమ పేరునకు ముందు ఇంటిపేరు పెట్టుకొందురు, తమిళులు తండ్రి పేరులోని మొదటి అక్షరము పెట్టుకొందురు, ఇది మనకును వారికిని ఉన్న భేదమని చెప్పుచుందురు. కొండవీటి రాజులు ఈ విషయమున తమిళులవలెనే ఉండిరి.

‘కోమటి’ యన్నది కథలోని వర్తకుని గుర్తేయైనచో, ప్రోలయ, కాటయ, అల్లయ యను పేర్లకును తలకొక ప్రేతమును వెదకవలసియుండును. అంతమందిని చంపిన కథ ఎవ్వరును చెప్పలేదు. మఱియొక చిక్కు కూడ కలదు. వేమ యను పేరు ఈ ఇంట ముందే ఉన్నది; కోమటి యను పేరు తరువాత వచ్చినది. కోమటి మొదటి వేమరాజునకు అన్నకొడుకు. కథ ప్రకారము రెండు పేర్లును ఒకే మంటలోనుండి ఒకేసారి పుట్టవలెను. కథలోని అల్లారెడ్డి పేరు చూడుడు. అది కొండవీటి శాఖలో లేదు, రాజమహేంద్రవరపు అల్లాడరెడ్డిని తలపించుచున్నది. రెండు రాజ్యములును పోయి, ఎవరు ఏ శాఖవారో జనులు మఱచిన తరువాత అల్లిన కథ యనుటకు ఇంతకన్న గుర్తు వలదు.

అయినను రెడ్డిబిడ్డకు కోమటి యను పేరు ఎందుకు పెట్టిరని అడుగవచ్చును. పెంటయ్య, పుల్లయ్య, భిక్షమయ్య యను పేర్లు మనకు క్రొత్తవి కావు. ముందు పుట్టినవారు దక్కని ఇంట, ఈ బిడ్డ మాది కాదు, పెంటపై దొరకినాడు, భిక్షగా వచ్చినాడని మృత్యువును ఏమఱించుటకు పెట్టిన పేర్లవి. బిడ్డను నామమాత్రముగా పొరుగువారికి అమ్మి తిరిగి తెచ్చుకొనుటయు ఉన్నది. మాచారెడ్డి ఇంట అట్టిది జరిగినదని మేము అనుట లేదు. పేరును చూచి కులము నిర్ణయించుట, కులమును చూచి కథ కల్పించుట ఎంత సులభమో చెప్పుచున్నాము.

వర్తకులపట్ల ఈ రాజుల నడవడి ఎట్టిదో తెలియుటకు కథలు అక్కరలేదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరకును రాజులే తీసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించెను. రాజ్యము చెడి రేవు పాడుపడగా, 1358లో అదే మోటుపల్లిలో అనవోతారెడ్డి మఱియొక శాసనము వేయించి, వచ్చు వర్తకులకు రక్షణ చెప్పి, సుంకములు తగ్గించెను. కుమారగిరికి వసంతరాయడని బిరుదు. ఏటేట ఆయన జరిపిన వసంతోత్సవములకు కర్పూరము, కస్తూరి మొదలగు సుగంధద్రవ్యములు సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది రాజునకు కాదు, ఈ వర్తకునకే. సింహళము, చీనా, హురుముంజి వంటి దూరదేశముల సరకులు ఓడలలో ఇతనికి దిగుచుండెనని ఆ గ్రంథపు పీఠికలో కలదు. హురుముంజి యనగా నేడు పత్రికలలో తఱచు వినబడుచున్న హోర్ముజ్.

కొండవీటి బంగారము పరుసవేదినుండి వచ్చినది కాదు. మోటుపల్లి రేవులోని సుంకమునుండి, చెఱువుల క్రింది పంటనుండి వచ్చినది. ఆ చెఱువులలో ఒకటి కొండవీటికి చేరువనున్న ఫిరంగిపురమున పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ త్రవ్వించిన సంతానసాగరము. 1409 నాటి శాసనము దానిని చెప్పుచున్నది. ఆ చెఱువునకు నీరు తెచ్చుటకు కుమారుడు రాచవేమ ‘జగనొబ్బగండ’ యను కాలువ త్రవ్వించెను. తల్లి చెఱువు, కొడుకు కాలువ! వర్తకుని కాల్చిన మంటను జ్ఞాపకముంచుకొన్నవారు ఈ నీటిని ఎందుకు మఱచిరో మాకు తెలియదు. బహుశః నీటికన్న నిప్పు కథకు బాగుగా ఒప్పును.

ఇంతకును వేమ యనగానేమి? తల్లి అడిగిన ప్రశ్న ఇంకను అట్లే ఉన్నది.

సంస్కృతమున ‘వేమ’ యను మాట ఉన్నది. అది నేతపనికి సంబంధించినది, మగ్గము. సాలెవారి ఇంట పుట్టిన పేరైనచో ఆలోచింపవచ్చును గాని, నాగలి పట్టి కత్తి పట్టిన ఇంటికి మగ్గము పేరు అతుకదు. భీమ యను పేరు జనుల నోట వేమయైనదందురు కొందఱు. వేములవాడ భీమకవిని తలచుకొని ఈ మాట పుట్టినదేమో! దీనికి గట్టి అడ్డంకి కలదు. ఈ రాజుల శాసనములు పెక్కు సంస్కృత శ్లోకములలో ఉన్నవి. వామనభట్టబాణుడు పెదకోమటి వేముని చరిత్రమును సంస్కృత గద్యముగా వ్రాసి వేమభూపాలచరితమనెను. కాదంబరి వ్రాసిన బాణునితో పోటీపడదలచిన ఆ పండితునకు వేమ భీమయే యని తెలిసియున్నచో, అంత చక్కని పౌరాణిక నామమును విడిచి వేమ యనియే వ్రాసియుండునా? భారతవీరునితో పోలికలు గుప్పించుటకు ఎంత అవకాశము! ఆయన ఆ పని చేయలేదు. రాజులును స్వయముగా పండితులే. పెదకోమటి వేముడు అమరుశతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్య వ్రాసెను. కాటయ వేముడు కాళిదాసు నాటకములు మూడింటికిని వ్యాఖ్యానములు రచించెను. కాళిదాసునకు వ్యాఖ్య వ్రాసినవాడు తన పేరును సంస్కృతీకరించుకొనలేక విడిచెననుట నమ్మదగినది కాదు. విడువ నిష్టములేక ఉంచుకొనెననుట న్యాయము.

క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో వాయవ్య భారతమును ఏలిన కుషాణరాజు విమ కడ్ఫైసిస్ పేరును గూడ కొందఱు ఇచ్చటికి ఈడ్చుచుందురు. నాణెములపై ఆయన పేరు వేమ యని చదువుటకును వీలున్నది. గాంధారమునుండి కొండవీటికి పేరొక్కటే ఒంటరిగా పన్నెండు వందల ఏండ్లు నడచి వచ్చినదనుకొన్నచో తప్ప ఈ సంబంధము కుదురదు.

తెలుగునిఘంటువు తెఱచినచో సమాధానము దగ్గఱనే ఉన్నది. ‘వేము’ అనగా వేపచెట్టు. తమిళమున వేంబు, కన్నడమున బేవు. వేమూరనగా వేపచెట్ల ఊరు. అయితే వేము వేమ యెట్లగును? ఈ ఇంటివారి ఇతర నామములనే అడుగుదము. ‘ప్రోలు’ అనగా ఊరు, పట్టణము. చేబ్రోలు, నిడుబ్రోలు పేర్లలోనిది అదియే. మనుష్యుని పేరైనప్పుడు ప్రోల, ప్రోలయ. కాకతీయులలోను ప్రోలరాజు లిద్దఱున్నారు. ‘పోతు’ అనగా మగజంతువు, బలమునకు గుర్తు. మనుష్యుని పేరైనప్పుడు పోత, పోతయ, పోతన. ఆ వరుసలోనే వేము, వేమ, వేమయ. ఇక అనవోతు, అనవేమల ముందున్న ‘అన’ యేమి? అనవేమారెడ్డి నడుపూరు శాసనము శకము 1296 నాటిది, వానపల్లి తామ్రశాసనము శకము 1300 నాటిది. ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిన పండితులు ఈ రెండింటను రాజు పేరును అన్నవేమ యనియే చదివిరి. అన్న, వేమ, అన్న, పోత. పకారము వకారమగుట మన వ్యాకరణమున మామూలే గనుక అన్నపోత అనవోతైనది. ప్రోలయ వేముని తమ్ములలో ఒకని పేరు దొడ్డ, ఒకని పేరు అన్న. దొడ్డ యనగా పెద్ద.

ఊరు, పోతు, పెద్ద, అన్న, వేపచెట్టు. పల్లెలో రచ్చబండమీద కూర్చుండి చుట్టును చూచినచో కనబడునవే ఈ రాజుల పేర్లు. సింహాసనము వచ్చినను, సంస్కృతము వచ్చినను, వీనిని వారు వెంటనే మార్చుకొనలేదు. మూడవ తరమున కుమారగిరి, గోదావరివైపు వీరభద్రుడు, ఇట్లు దేవతల పేర్లు మెల్లగా ప్రవేశించినవి. అప్పటికిని కుమారగిరి తన కుమారునకు తన తండ్రి పేరైన అనవోతును పెట్టుకొనెను. ఆ బిడ్డ తండ్రి బ్రతికియుండగనే పోయినాడు.

వేపచెట్టు పేరు రాజునకు చిన్నతనమని ఎవరైనను అనుకొందురేమో! మధురనేలిన పాండ్యరాజుల గుర్తుపూవు వేపపూవే. వారు యుద్ధమునకు పోవునప్పుడు తాళ్లకమ్మో తామరయో కాదు, వేపపూదండ ధరించిరని ప్రాచీన తమిళ కవులు చెప్పిరి. మన పల్లెలలో గ్రామదేవత నీడ వేపచెట్టే. అమ్మవారు పోసినప్పుడు పిల్లల ప్రక్కన పఱచినది వేపమండలే. బిడ్డకు ఆ చెట్టు పేరు పెట్టుటలో తల్లి కోరిక ఏమై యుండునో ఊహించుట కష్టము కాదు. మా మొగ్గు ఈ అర్థమువైపే. కథలో దక్కని బిడ్డల ప్రసక్తి కలదు గదా! బిడ్డలను కాపాడు పేరన్న పాతజ్ఞాపకము ఏదో అందులో చిక్కుకొని, మూలము మఱపునకు రాగా వర్తకుని రూపము దాల్చినదని మాకు తోచుచున్నది.

ఈ పేరు కొండవీటిలో ఆగిపోలేదు. వేమవరములు తెలుగుదేశమున పెక్కు కలవు. వేమూరులో చెట్టున్నచో వేమవరములో మనిషి యున్నాడు. బ్రాహ్మణులకు అగ్రహారమిచ్చి దానికి తమ పేరు పెట్టుట ఆనాటి రాజుల వాడుక. అల్లయ వేమారెడ్డి శకము 1356లో, అనగా 1434లో, ఇచ్చిన దానశాసనమునకు పండితులు పెట్టిన పేరు వేమవరము శాసనమనియే.

అందఱును ఎఱిగిన వేమ మఱియొకడు. వేమ, అన్న కలిసి వేమన్న, వేమన, తిక్కన, పోతనలవలెనే. కొండవీటి రాజునకు తమ్ముడని, వేశ్యాలోలుడై తిరిగి విరాగియైనాడని ఒక కథ కలదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తమ ఉపన్యాసములలో ఇట్టి కథలను జల్లించి చూపిరి. కవి సమాధి యని చెప్పునది కటారుపల్లెలో, కదిరివైపున ఉన్నది. అది కొండవీటికి ఎంతో దూరము. పేరొక్కటి యగుటచేతనే రాజునకు తమ్ముడైనాడు కాబోలు! బంగారము చేయు విద్య తెలిసినవాడని ఈయనమీదను చెప్పుకొందురు. వేమ యనగానే పరుసవేది యను అలవాటు రెండు కథలలోను ఉన్నది. 1829లో బ్రౌను దొర పద్యములను అచ్చువేయించిన నాటినుండి ఆ సంబోధన తెలియని తెలుగుబాలుడు లేడు. 2006లో కడపలో ఒక విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. పద్యమున నిత్యము పిలుచు పేరును ఉయ్యాలలో పిలుచుటకు మాత్రము మనము వెనుదీయుచున్నాము. అధిక్షేపములు వ్రాసినవాని పేరు పెట్టినచో పిల్లవాడు ఎదురు చెప్పునని భయమేమో!

ఆనాడు ఎడ్లపాడులో ఇంత విస్తరముగా మేము చెప్పలేదు. తండ్రుల పేర్ల సంగతి, వేపచెట్టు సంగతి మాత్రము చెప్పితిమి. పెద్దావిడ వినినది. విని, “అయితే మా అమ్మమ్మ చెప్పింది అబద్ధమా నాయనా?” అన్నది. అమ్మమ్మగారు తాము విన్నదే చెప్పినారు, అబద్ధమాడలేదంటిమి. ఆమె మా సమాధానముతో పూర్తిగా తృప్తిపడినట్లు తోచలేదు. కాని ఇంకొక మాట అనలేదు. పెరటిలోనికి చూచి, “మా వేపచెట్టు కింద పుట్టిన లేగదూడలు కూడా ఒక్కటీ పోలేదులే” అని తనలో తాననుకొన్నది.

పిల్లవాని తల్లి మామగారివైపు తిరిగి, “వేమ అని రెండక్షరాలే పెడదామండీ మామయ్యగారూ. అయ్య ఎందుకు, ఇంత పిల్లాడికి?” అన్నది. తాతగారు కొంతసేపు ఊరకుండి, “సరేనమ్మా, అయ్య సంగతి ఊరివాళ్లు చూసుకుంటారు. మా నాన్నకూ ఊరివాళ్లు చేర్చిందే” అన్నారు. తండ్రి పళ్లెము ముందుకు లాగుకొని బియ్యములో ఆ రెండక్షరములును వ్రాసినాడు.